వాషింగ్ మెషిన్ మోటార్ మూలుగుతోంది, తిరగడం లేదు. కాలిపోయిందంటే నమ్మాలా?

బాల్కనీతులసి · శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది మల్కాజిగిరిలో పాత అపార్ట్‌మెంటు, గ్రౌండ్ ఫ్లోర్. ఆరున్నర కిలోల టాప్‌లోడ్ మెషిన్, పూర్తి ఆటోమేటిక్, ఇన్వర్టర్ రకం కాదు. కొని ఎనిమిదేళ్లు దాటింది. గురువారం దుప్పట్లు వేశాను. నీళ్లు నిండాయి. ఆ తర్వాత జ్వరం వచ్చిన మనిషి మూలిగినట్టు గుయ్‌మని ఒక శబ్దం, రెండు క్షణాలు ఆగి మళ్లీ గుయ్. టబ్బు అడుగున ఉండే చక్రం కదలలేదు. దుప్పట్లు తీసేసి ఖాళీగా నడిపినా అదే మూలుగు. నీళ్లు మాత్రం సరిగ్గానే బయటికి పోయాయి. పిండే దశలో కూడా టబ్బు తిరగలేదు.

మా వీధి మెకానిక్ వచ్చి పైభాగం విప్పాడు. ఒక కనెక్టర్ పీకి మీటర్ పెట్టి, "వైండింగ్, అంటే లోపలి తీగ చుట్ట, తెగిందమ్మా, మోటార్ కాలిపోయింది, కొత్తది 4,800, బిగించినందుకు 600" అన్నాడు. పది నిమిషాల్లో తేల్చేశాడు. మరి కాలిన వాసన ఏమీ రాలేదే అంటే, "ఒక్కోసారి రాదు" అన్నాడు. మా వారేమో 5,400 దీనికి పోసే బదులు కొత్తది కొందామంటున్నారు. దుప్పట్లు ఇంకా బకెట్లోనే ఉన్నాయి.

నా దగ్గర స్టార్ స్క్రూడ్రైవర్, టెస్టర్, మా అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో కొన్న పసుపు రంగు మల్టీమీటర్ ఉన్నాయి. వీటితో నేను తేల్చుకోగలిగింది ఏమైనా ఉందా?

సగంఇంజినీర్ · శనివారం, ఉదయం 7:52

కెపాసిటర్. నూటికి నూరు శాతం. మూలిగి తిరగకపోతే ఇంకేమీ ఆలోచించనక్కర లేదు. 150 రూపాయలు పెట్టి మార్చేయండి.

పాతఫోర్‌మన్ · శనివారం, ఉదయం 8:30

తులసి గారూ, ముందు ఆ మెషిన్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడడం ఆపండి. మూలుగుతోందంటే కరెంటు లోపలికి వెళ్తోంది, మోటార్ కదలలేకపోతోంది. కదలని మోటార్ మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, అదంతా వేడిగా మారుతుంది. లోపల వేడికి తెగిపడే రక్షణ స్విచ్ ఒకటి ఉంటుంది కాబట్టి కాసేపటికి మూలుగు కూడా ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. ఆ ఆటను పదిసార్లు ఆడిస్తే బాగున్న మోటార్ కూడా మెకానిక్ మాట నిజం చేస్తుంది.

రెండోది, మూలుగు వినబడుతోందంటే కనీసం ఒక వైండింగ్ బతికే ఉంది. మీ మెషిన్‌లో ఉండేది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్. లోపల ఒకేలాంటి రెండు వైండింగ్‌లు, బయటికి మూడు తీగలు: ఒకటి ఉమ్మడి, ఒకటి కుడికి తిరగడానికి, ఒకటి ఎడమకు తిరగడానికి. ఆ చివరి రెండింటి మధ్య కెపాసిటర్ ఉంటుంది. బోర్డు ఏ తీగకు కరెంటు ఇస్తే ఆ వైండింగ్‌కు నేరుగా, రెండోదానికి కెపాసిటర్ గుండా కాస్త ముందువెనుకగా అందుతుంది. ఆ తేడాయే మోటార్‌ను ఒక వైపుకు తోస్తుంది. తేడా లేకపోతే ఎటు తిరగాలో తెలియక నిలబడి మూలుగుతుంది. మీ మెషిన్ పడుతున్న అవస్థ అదే. కారణం కెపాసిటర్ కావచ్చు, వైండింగ్ కావచ్చు, మధ్యలో తీగ కావచ్చు, లేదా మోటార్‌లో అసలు తప్పేమీ లేక చక్రం కింద ఏదో ఇరుక్కుని ఉండవచ్చు.

ప్లగ్ పీకండి. స్విచ్ ఆపడం కాదు, సాకెట్ నుంచి ప్లగ్ బయటికి రావాలి. తర్వాత చేయి పెట్టి అడుగు చక్రాన్ని తిప్పి చూడండి. ఎలా తిరుగుతోందో చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

బోరునీళ్లు · శనివారం, ఉదయం 8:41

మాది నిజాంపేట. మాకు ఇలాగే అయినప్పుడు చక్రం కింద రెండు సేఫ్టీ పిన్నులు, ఒక రూపాయి బిళ్ల, పిల్లవాడి సాక్సు దొరికాయి. మోటార్ ధర చెప్పిన మెకానిక్ మాకూ ఉన్నాడు, ఊళ్లు వేరైనా పాట ఒకటే.

బాల్కనీతులసి · శనివారం, ఉదయం 9:15

ప్లగ్ పీకాను. చక్రం చేత్తో రెండు వైపులా హాయిగా తిరుగుతోంది. ఎక్కడా రాపిడి లేదు, బరబర లేదు. మధ్యలో ఉన్న స్క్రూ విప్పి చక్రం పైకి లాగాను (అరగంట పట్టింది, సబ్బు గట్టకట్టి ఉంది). కింద ఒక గుండీ, కొంత నూలు పీచు తప్ప ఏమీ లేవు.

పాతఫోర్‌మన్ · శనివారం, ఉదయం 9:34

మంచిది. ఇరుక్కోవడం, బేరింగ్ పట్టేయడం రెండూ పక్కకు పోయాయి. ఇప్పుడు వెనక పలక విప్పండి. బెల్టు పుల్లీ మీదే ఉందా, తెగిందా, జారిందా చూడండి. వేలితో మధ్యలో నొక్కితే సుమారు ఒక సెంటీమీటర్ లోపలికి పోవాలి. బెల్టు జారితే మోటార్ హాయిగా తిరుగుతూ చప్పుడు చేస్తుంది కానీ ఇలా మూలగదు. అయినా పలక విప్పాక చూడకుండా వదలకూడదు.

సగంఇంజినీర్ · శనివారం, ఉదయం 9:50

ఇంత అవసరమా? బెల్టు తీసేసి, మెషిన్ ఆన్ చేసి, మోటార్ పుల్లీని చేత్తో ఒక విసురు విసిరితే సరి. విసిరిన వైపుకు తిరిగితే కెపాసిటర్ పోయినట్టే. వీడియోల్లో అందరూ ఇలాగే చేస్తారు. చేతికి భయమైతే చెక్క పుల్ల వాడండి.

పాతఫోర్‌మన్ · శనివారం, ఉదయం 10:05

నాయనా, బెల్టు లేని మోటార్ కన్ను మూసి తెరిచేలోగా నిమిషానికి 1,400 చుట్లు అందుకుంటుంది. పుల్లీ అంచుకు కొంగో, చున్నీయో, వేలో తగిలితే లాక్కుపోతుంది. ఇంట్లో తడి నేల మీద, వెనక పలక విప్పి, కరెంటు పెట్టి చేసే పని కాదది. మా వర్క్‌షాపులో 31 ఏళ్లు పనిచేశాను. ఆ విసురు విసిరి వేలి చివర పోగొట్టుకున్నవాడు నా పక్క బల్ల మీదే ఉండేవాడు. ఇంకొకటి, నువ్వు చెప్పిన పరీక్షలో గెలిచినా అది కెపాసిటర్ అని రుజువు కాదు. రెండో వైండింగ్‌కు వెళ్లే తీగ తెగినా మోటార్ అలాగే, విసిరిన వైపుకు తిరుగుతుంది. ప్లగ్ పీకి మీటర్‌తో తేలే విషయానికి ప్రాణం పణం పెట్టడం ఎందుకు?

మియాపూర్‌మబ్బు · శనివారం, ఉదయం 10:22

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఫ్రంట్‌లోడ్, ఏడేళ్లది. మూలుగు కూడా లేదు. తలుపు తాళం టక్‌మంటుంది, నీళ్లు వస్తాయి, డ్రమ్ము కదలదు. పక్కన అరచేత్తో గట్టిగా చరిస్తే ఒక్కోసారి మొదలవుతుంది. పోయిన నెల ఏదో మాడినట్టు వాసన వచ్చింది. ఇదీ కెపాసిటరేనా?

రాణిగంజ్‌రెంచి · శనివారం, ఉదయం 10:40

మబ్బు గారూ, మీదాంట్లో ఆ కెపాసిటర్ కథ ఉండదు. బెల్టు ఉన్న ఫ్రంట్‌లోడ్ అయితే చాలా వాటిలో మన మిక్సీలో ఉండే జాతి మోటారే, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. చరిస్తే మొదలవడం, మాడు వాసన, రెండూ అరిగిన బ్రష్‌ల లక్షణాలే. కొత్త బ్రష్ మూడు సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. సెంటీమీటర్ దగ్గరికి వచ్చాక వెనక స్ప్రింగుకు నొక్కే బలం చాలదు.

ప్లగ్ పీకి, వెనక పలక విప్పి, బెల్టు తీసి, మోటార్ దించండి. రెండు పక్కలా రెండు బ్రష్‌లు. ఎప్పుడూ జతగానే మార్చాలి. పాతవి ఎటు తిరిగి ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి, వాలు ఉన్న ముఖం కమ్యుటేటర్ (బ్రష్ ఆనే రాగి పట్టీల చక్రం) వంపుతో కలవాలి. దయచేసి మిక్సీ బ్రష్ ఆకురాయితో అరగదీసి దూర్చకండి. నెలకు నాలుగు మోటార్లు అలా నా దగ్గరికి వస్తాయి, రాగి పట్టీలు గీతలు పడి.

కోఠీకబుర్లు · శనివారం, ఉదయం 10:58

బ్రష్‌లు కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి. కొలత నోటితో చెప్పకండి, పాతది జేబులో వేసుకెళ్లండి. బేరింగ్, బెల్టు లాంటివి అయితే రాణిగంజ్. బెల్టు మీద అచ్చయిన నంబరు చెరిగిపోకముందే రాసి పెట్టుకోండి. నేను "చిన్న బెల్టు" అని అడిగితే దుకాణదారు "అందరిదీ చిన్నదే" అన్నాడు.

బాల్కనీతులసి · శనివారం, మధ్యాహ్నం 12:10

ఫోర్‌మన్ గారూ, వెనక పలక విప్పాను. బెల్టు ఉంది, బిగువుగానే ఉంది. నల్లటి పొడి కొంచెం రాలి ఉంది. కెపాసిటర్ కనబడింది, చదరపు డబ్బీ, దాని మీద 12 మైక్రోఫారడ్, 450 వోల్ట్ అని రాసి ఉంది. ఉబ్బలేదు, కారలేదు. ఇంటికి 230 వోల్టులే కదా, దీని మీద 450 ఎందుకు?

పాతఫోర్‌మన్ · శనివారం, మధ్యాహ్నం 12:31

మంచి ప్రశ్న. మోటార్ తిరుగుతున్నప్పుడు కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య వోల్టేజి ఇంటి సరఫరా కంటే ఎక్కువకు పోతుంది. అందుకే 250 వోల్టుల కెపాసిటర్ తెచ్చి పెట్టకూడదు. మైక్రోఫారడ్ అంకె కూడా మారకూడదు. ఎక్కువ పెడితే బలం పెరుగుతుందనుకుని 20 పెట్టినవాళ్లు ఉన్నారు, మోటార్ పొయ్యిలా కాలింది.

ముట్టుకునే ముందు దానిలో మిగిలిన ఛార్జీ తీసేయాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటపటలాడించకండి. 100 వాట్ల పాత బల్బు, హోల్డర్, రెండు తీగలు తీసుకుని కెపాసిటర్ కాళ్లకు రెండు క్షణాలు తగిలించండి, చాలు. బల్బు వెలగకపోయినా పని జరుగుతుంది.

మీ మీటర్‌లో కెపాసిటర్ కొలిచే గడి ఉందా?

బాల్కనీతులసి · శనివారం, మధ్యాహ్నం 12:44

లేదు. ఓములు, వోల్టులు, కుయ్‌మనే గడి మాత్రమే. మా అబ్బాయి 250కి కొన్నాడు, దాంతో ఒకే ఒక్కసారి రిమోట్ బ్యాటరీ చూశాడు.

రాణిగంజ్‌రెంచి · శనివారం, మధ్యాహ్నం 1:02

అమ్మా, ఛార్జీ తీశాక కెపాసిటర్ ఊడదీసి దగ్గర్లో ఏ మోటార్ వైండింగ్ దుకాణానికైనా తీసుకెళ్లండి. అర నిమిషంలో కొలిచి చెబుతారు. 12 అని రాసినదానిలో 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే కొత్తదానితో సమానం. ఎనిమిదో ఏడో చూపిస్తే మార్చండి.

సగంఇంజినీర్ · శనివారం, మధ్యాహ్నం 1:10

ఏడు చూపిస్తుంది, చూడండి.

బాల్కనీతులసి · శనివారం, సాయంత్రం 5:25

11.7.

దుకాణంలో పెద్దాయన రెండుసార్లు కొలిచి, "ఇది నాకంటే ఆరోగ్యంగా ఉందమ్మా" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

సగంఇంజినీర్ · శనివారం, సాయంత్రం 5:31

నూటికి నూరు అన్నది 99గా చదువుకోండి.

నల్లకుంటనాని · శనివారం, సాయంత్రం 5:50

వోల్టేజి చూశారా? మా నల్లకుంటలో వేసవి సాయంత్రాలు ఏసీలన్నీ మొదలయ్యాక మెషిన్ మొరాయిస్తుంది. ఉదయం మళ్లీ బాగుంటుంది.

పాతఫోర్‌మన్ · శనివారం, సాయంత్రం 6:08

నాని గారు చెప్పింది తీసిపారేసేది కాదు. ఇలాంటి మోటార్ బలం వోల్టేజి వర్గాన్ని బట్టి (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి) మారుతుంది. 230 బదులు 180 వస్తే వోల్టేజి తగ్గింది ఐదో వంతే అయినా మోటార్ బలం 61 శాతానికి పడిపోతుంది. తడి దుప్పట్లు కదపడానికి అది చాలదు. కానీ తులసి గారి మెషిన్ ఖాళీగా కూడా కదలలేదు కాబట్టి అది కారణమని నేను అనుకోను. వోల్టేజి ఒకసారి కొలిచి చూస్తే ఆ అనుమానమూ తీరుతుంది.

ఇక అసలు పరీక్ష. ప్లగ్ పీకే ఉండాలి, కెపాసిటర్ ఊడదీసే ఉండాలి. మీటర్‌ను 200 ఓముల గడిలో పెట్టి, మెకానిక్ పీకిన కనెక్టర్ దగ్గర మోటార్‌కు వెళ్లే మూడు తీగలనూ రెండేసి చొప్పున కొలవండి. మూడు అంకెలు రావాలి. రెండు దాదాపు సమానంగా, మూడోది వాటి మొత్తంగా.

బాల్కనీతులసి · శనివారం, రాత్రి 7:20

సాకెట్లో వోల్టేజి 226. సమస్య అది కాదు.

ఈ మెషిన్‌లో మోటార్ తీగలు నీలం, ఎరుపు, పసుపు. నీలం–ఎరుపు 17.2. నీలం–పసుపు ఏమీ లేదు, మీటర్ ఎడమ పక్కన ఒకటి అంకె చూపి ఊరుకుంది. ఎరుపు–పసుపు కూడా ఏమీ లేదు. మూడుసార్లు కొలిచాను.

అంటే మెకానిక్ చెప్పిందే నిజమా? వైండింగ్ తెగిందా?

సగంఇంజినీర్ · శనివారం, రాత్రి 7:24

అవును. పసుపు వైండింగ్ పోయింది. మోటార్ మార్చాల్సిందే. పాపం మెకానిక్‌ను అనుమానించాం.

మల్కాజిగిరిమధ్యతరగతి · శనివారం, రాత్రి 7:40

మాదీ మీ పక్క కాలనీయే. ఎనిమిదేళ్లు నడిచింది కదా, వదిలేయండి. కొత్తవాటిలో మోటార్‌కు 10 ఏళ్ల వారంటీ అని స్టిక్కర్లు ఉంటున్నాయి.

కోఠీకబుర్లు · శనివారం, రాత్రి 7:55

ఆ స్టిక్కరు కింద చిన్న అక్షరాలు చదవండి. సాధారణంగా 10 ఏళ్లు మోటార్ అనే వస్తువుకు మాత్రమే. దాన్ని నడిపే బోర్డుకు, మనిషి వచ్చినందుకు, విప్పి బిగించినందుకు లెక్క వేరే. ఇన్వర్టర్ మెషిన్లలో మోటార్ కంటే ముందు పోయేది చాలాసార్లు బోర్డే.

పాతఫోర్‌మన్ · శనివారం, రాత్రి 8:15

ఆగండి, ఆగండి. తులసి గారు కొలిచింది మోటార్‌ను కాదు. మోటార్‌ను, దానితోపాటు బోర్డు నుంచి కిందికి దిగే మీటరున్నర తీగను, మధ్యలో ఉన్న రెండు మూడు కలుపులను. ఇవన్నీ వరుసగా ఉన్నాయి. వీటిలో ఎక్కడ తెగినా పైనుంచి చూసేవాడికి "వైండింగ్ తెగింది" అనే కనబడుతుంది. మెకానిక్ అబద్ధం చెప్పలేదు, కిందికి వంగలేదు, అంతే. రోజుకు ఎనిమిది ఇళ్లు తిరిగేవాడు వంగడు కూడా.

రేపు పగటి వెలుతురులో, పక్కన ఒక మనిషి ఉండగా, మెషిన్‌లో నీళ్లు పూర్తిగా వంపేసి, నేల మీద పాత బొంత పరిచి నెమ్మదిగా వెనక్కి వాల్చండి. కింద మోటార్ కనబడుతుంది. దాని ఒంటి నుంచి బయటికి వచ్చే మూడు తీగలు ఒక ప్లాస్టిక్ కనెక్టర్‌లోకి వెళ్తాయి. ఆ కనెక్టర్ ఊడదీసి, మోటార్ వైపు కొలవండి. ఈ రాత్రికి ఎవరూ ఏమీ కొనవద్దు.

మియాపూర్‌మబ్బు · ఆదివారం, ఉదయం 9:05

ఈలోగా నా సంగతి. మోటార్ దించాను. నా బ్రష్‌లలో ఒకటి 9 మిల్లీమీటర్లు, ఇంకొకటి 7. కమ్యుటేటర్ మీద మసి ఉంది కానీ గీతలు లేవు. పొడి గుడ్డతో తుడిచాను. ఒక సందేహం. మోటార్ వెనక చివర చిన్న చుట్ట, దానికి సన్నని రెండు తీగలు ఉన్నాయి. అదేమిటి?

రాణిగంజ్‌రెంచి · ఆదివారం, ఉదయం 9:20

అది వేగం చెప్పేది, టాకో అంటాం. మోటార్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకు కబురు పంపుతుంది. దాన్ని కదపకండి. దాని తీగ ఊడినా, లోపలి అయస్కాంతం వదులైనా బోర్డుకు వేగం తెలియక డ్రమ్ము ఒక్కసారిగా విసురుగా తిరిగి ఆగిపోతుంది, తర్వాత మోటార్ లోపమని కోడ్ చూపిస్తుంది. కొత్త బ్రష్‌లు పెట్టాక మొదటి ఒకటి రెండు సార్లు బట్టలు లేకుండా నడపండి. మొదట్లో సన్నని నీలి మెరుపులు కనబడితే కంగారుపడకండి, బ్రష్ ముఖం వంపుకు సర్దుకునేదాకా ఉంటాయి. చుట్టూ నిప్పుల వలయంలా వస్తే మాత్రం ఆపేయండి.

బాల్కనీతులసి · ఆదివారం, ఉదయం 11:48

ఫోర్‌మన్ గారూ!!!

మోటార్ దగ్గర: నీలం–ఎరుపు 17.2. నీలం–పసుపు 17.4. ఎరుపు–పసుపు 34.5.

మా వారు పట్టుకుంటే, నేను బోర్లా పడుకుని కొలిచాను. 17.4 కనబడగానే నేను వేసిన కేకకు ఆయన మెషిన్ వదిలేయబోయారు.

పాతఫోర్‌మన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:02

17.2కు 17.4 కలిపితే 34.6. మీకు 34.5 వచ్చింది. ఇంతకంటే ఆరోగ్యకరమైన వైండింగ్ ఉండదు. మీ మోటార్ కాలలేదు తల్లీ.

మీటర్‌ను పెద్ద ఓముల గడిలోకి మార్చి, ఒక కాలు ఒక్కో తీగకు, ఇంకొక కాలు మోటార్ ఒంటి మీద రంగు గీకిన చోట పెట్టి చూడండి. ఏమీ చూపకూడదు. చూపిస్తే కరెంటు ఒంటికి కారుతున్నట్టే.

తర్వాత తీగ తెగకుండా ఉంటే మోగే ఆ కుయ్‌మనే గడి. పైన బోర్డు కనెక్టర్‌లో పసుపు, కింద మోటార్ కనెక్టర్‌లో పసుపు. మీటర్ తీగలు అందకపోతే ఒక వైరు ముక్క జత చేసుకోండి.

రాణిగంజ్‌రెంచి · ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఒంటికి లీకేజీ విషయంలో ఒక మాట. మామూలు మీటర్ లోపల చిన్న బ్యాటరీ, అది పూర్తిగా తగిలిన తీగనే పట్టుకుంటుంది. తడిసి కొద్దిగా కారేది దొరకాలంటే 500 వోల్టులు పెట్టి కొలిచే మెగ్గర్ అనే మీటర్ కావాలి. ఇంట్లో కరెంటు కారితే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అదే మీ మెగ్గర్, కారితే ట్రిప్ అవుతుంది. ట్రిప్ అవుతోందని దాన్ని తీసేసి నడిపేవాళ్లకు మాత్రం నేను మోటార్ కట్టను.

బాల్కనీతులసి · ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఒంటికి ఏమీ లేదు. నీలం కుయ్, ఎరుపు కుయ్, పసుపు మౌనం. కానీ పసుపు తీగ మొత్తం చూశాను, ఎక్కడా తెగలేదు! చివరి నుంచి చివరిదాకా పసుపుగానే ఉంది.

పాతఫోర్‌మన్ · ఆదివారం, మధ్యాహ్నం 1:41

కంటికి తెగినట్టు కనబడనక్కర లేదు. మీటర్ తగిలించే ఉంచి, తీగను నాలుగు వేళ్ల మేర పట్టుకుని, కొంచెం కొంచెంగా వంచుతూ కింది నుంచి పైకి రండి. ఒక చోట మీటర్ కుయ్‌మని మళ్లీ ఆగుతుంది, లేదా తీగ ఆ చోట పీచులా మెత్తగా తగులుతుంది.

బాల్కనీతులసి · ఆదివారం, మధ్యాహ్నం 2:35

దొరికింది.

మోటార్ నుంచి ఒక జానెడు పైన, తీగల కట్టను మెషిన్ ఒంటికి బిగించిన క్లిప్పు వెనక. వేళ్లకు మెత్తగా తగిలింది. దీపం పెట్టి చూస్తే పసుపు తొడుగు మీద సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు, పక్కపక్కన. బ్లేడుతో తొడుగు చీల్చాను. లోపల రాగి లేదు. ఆకుపచ్చ పొడి, ఇత్తడి చెంబుకు పట్టే చిలుములాంటిది, ఒక అంగుళం మేర. లాగితే రెండు ముక్కలై చేతికి వచ్చింది. పక్కనే నేల మీద నల్ల బియ్యం గింజల్లాంటివి. అవి ఏమిటో చెప్పనక్కర లేదు.

ఎలుక కొరికింది ఎప్పుడో, తెగింది గురువారం.

పాతఫోర్‌మన్ · ఆదివారం, మధ్యాహ్నం 2:50

పంటి గాటు గుండా సబ్బు నీటి చెమ్మ లోపలికి పోయి, నెలల తరబడి రాగిని తినేసింది. చివరికి రెండు మూడు పోగులు మిగిలి, దుప్పట్ల బరువుకు కరెంటు ఎక్కువ లాగినప్పుడు అవి కూడా పోయాయి. మీ కెపాసిటర్ కలిసే చోటు ఈ తెగిన చోటుకు పైన ఉంది కదా? అందుకే ఎటు కరెంటు ఇచ్చినా ఎరుపు వైండింగ్ ఒక్కటే బతికి మూలిగింది.

చిలుము పట్టినంత మేరా కోసేయండి. మెరిసే రాగి కనబడేదాకా కోయాలి. తర్వాత అదే మందం తీగ ముక్క వేసి సోల్డర్ చేయండి.

రాణిగంజ్‌రెంచి · ఆదివారం, మధ్యాహ్నం 3:04

పెద్దాయన మాటకు ఎదురు చెబుతున్నానని అనుకోకండి. అక్కడ సోల్డర్ వద్దు. పిండేటప్పుడు మెషిన్ అంతా అదురుతుంది. సోల్డర్ పీల్చుకున్న పోగులు గట్టిపడి, ఆ గట్టితనం ఆగే అంచు దగ్గర ఏడాదికల్లా పుటుక్కుమంటాయి. గొట్టం లాంటి రాగి ఫెర్రూల్ పెట్టి నొక్కే పనిముట్టుతో క్రింప్ చేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగండి.

పాతఫోర్‌మన్ · ఆదివారం, మధ్యాహ్నం 3:20

నేను చేసిన సోల్డర్లు ఇరవై ఏళ్లుగా ఊడలేదు. అయితే వాటికి అటూ ఇటూ తీగను కదలకుండా కట్టేవాళ్లం, అది నిజమే. ఇంట్లో మొదటిసారి చేసేవారికి క్రింప్ తేలిక, ఒప్పుకుంటాను. నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దని మనిద్దరం ఒక్క మాటగా చెబుదాం. చెమ్మకు జిగురు కరిగి నెలలోపే జారిపోతుంది.

సగంఇంజినీర్ · ఆదివారం, మధ్యాహ్నం 3:33

ఎలుక అని నేను ఊహించనే లేదు. స్లీవ్ ముడవడానికి లైటర్ మంట తగిలిస్తే పక్క తీగలు కరుగుతాయి, హెయిర్ డ్రయర్ కొన్నిటికి చాలదు. అగరుబత్తి నిప్పును దూరంగా తిప్పుతూ చేయండి. ఇది మాత్రం నేను చేసి చూసిందే.

నల్లకుంటనాని · ఆదివారం, సాయంత్రం 4:10

ఫోర్‌మన్ గారూ, నాదీ ఒకటి చెప్పి పుణ్యం కట్టుకోండి. మా అత్తగారి సెమీ ఆటోమేటిక్. ఉతికే పక్క మోటార్ ఒక వైపుకే తిరుగుతోంది. కుడికి తిరిగి ఆగి, మళ్లీ కుడికే. ఎడమ వంతు వచ్చినప్పుడు నిశ్శబ్దం. కెపాసిటర్ మార్చమన్నారు, మార్చాను, అలాగే ఉంది.

పాతఫోర్‌మన్ · ఆదివారం, సాయంత్రం 4:32

కెపాసిటర్ డబ్బులు దండగ. ఒక వైపుకు బలంగా తిరుగుతోందంటే రెండు వైండింగ్‌లూ, కెపాసిటరూ మూడూ బాగున్నట్టే, ఎందుకంటే ఏ వైపుకు తిరగాలన్నా ఆ మూడూ పనిచేయాలి. వాటిలో ఏది పోయినా రెండు వైపులా చెడుతుంది, తులసి గారి మెషిన్‌లో జరిగినట్టు. ఒక వైపే చెడిందంటే ఆ వైపుకు కరెంటు పంపే స్విచ్ దగ్గర లోపం. సెమీలో అది మీరు తిప్పే టైమర్ లోపలి కాంటాక్టు, లేదా దానికి వచ్చే తీగ. ప్లగ్ పీకి, పై పలక విప్పి, టైమర్ తీగలు ఏ కాలికి ఏది ఉందో ముందు ఫొటో తీయండి. అదే పూర్తి ఆటోమేటిక్ అయితే బోర్డు మీద ఆ వైపుకు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్ అయిన ట్రయాక్‌ను అనుమానించాలి.

రాణిగంజ్‌రెంచి · ఆదివారం, సాయంత్రం 4:45

ఈ ఒక్క ముక్క తెలియక నా దుకాణానికి బాగున్న మోటార్లు మోసుకొస్తారు. బల్ల మీద పెట్టి రెండు వైపులా తిప్పి చూపించి వెనక్కి పంపుతాను. ఆటో కిరాయి వాళ్లది, టీ ఖర్చు నాది.

బాల్కనీతులసి · సోమవారం, రాత్రి 8:50

ఆలస్యానికి మన్నించండి, ఆఫీసు నుంచి వస్తూ క్రింపులు, స్లీవులు కొని తెచ్చాను. క్రింపు నొక్కే పనిముట్టు మా వాచ్‌మన్ గారి అబ్బాయి దగ్గర దొరికింది, అతను ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. అతనే నొక్కాడు, నేను అగరుబత్తి పట్టుకున్నాను. ఇల్లంతా మల్లెపూల వాసన.

మళ్లీ బోర్డు దగ్గర కొలిస్తే 17.2, 17.5, 34.6. కెపాసిటర్ యథాస్థానంలో పెట్టి, తీగల కట్టను మెషిన్ ఒంటికి తగలకుండా కట్టి, వెనక పలక బిగించాక ప్లగ్ పెట్టాను. నీళ్లు నిండాయి. గుయ్ అని ఒక్క క్షణం, గుండె ఆగింది, తర్వాత చక్రం ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది.

మొత్తం ఖర్చు 90 రూపాయలు, పాత బొంత ఒకటి.

పాతఫోర్‌మన్ · సోమవారం, రాత్రి 9:05

శుభం. ఇంకొక పని మిగిలింది. మెషిన్ నడుస్తుండగా టెస్టర్‌ను దాని ఇనుప ఒంటి మీద రంగు లేని స్క్రూకు తాకించండి. దీపం వెలగకూడదు.

బాల్కనీతులసి · సోమవారం, రాత్రి 9:14

సన్నగా వెలుగుతోంది.

పాతఫోర్‌మన్ · సోమవారం, రాత్రి 9:16

వెంటనే ఆపి ప్లగ్ పీకండి. ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదు, లేదా తెగింది. మెషిన్ లోపలి కరెంటు ఫిల్టర్ (పీచు పట్టేది కాదు) నుంచి కొంచెం కరెంటు ఒంటికి రావడం మామూలే, ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, మీకు తెలియదు. ఎర్త్ లేకపోతే తడి చేతులతో ముట్టినవారి గుండా పోతుంది. రేపు ఆ సాకెట్ ఎలక్ట్రీషియన్‌కు చూపించేదాకా దుప్పట్లు బకెట్లోనే ఉండనివ్వండి. కింద ఎలుకలు దూరకుండా సన్న కన్నాల ఇనుప జల్లెడ కూడా బిగించండి, గాలి ఆడేలా.

బాల్కనీతులసి · మంగళవారం, రాత్రి 7:30

సాకెట్ విప్పితే ఎర్త్ పిన్నుకు తీగే లేదు. 16 ఆంపియర్ల సాకెట్, మూడు కన్నాలు, రెండే తీగలు. ఎనిమిదేళ్లుగా ఇలాగే నడిపాం. ఎలక్ట్రీషియన్ మీటర్ బోర్డు నుంచి ఆకుపచ్చ తీగ లాగి కలిపాడు. ఇప్పుడు టెస్టర్ వెలగడం లేదు. జల్లెడ బిగించాం. దుప్పట్లు రెండోసారి పిండుతోంది.

మన వీధి మెకానిక్ ఇవాళ దారిలో కనబడితే చిలుము పట్టిన ఆ తీగ ముక్క చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది నేను ఉంచుకోనా అమ్మా?" అని జేబులో వేసుకున్నాడు.

మియాపూర్‌మబ్బు · మంగళవారం, రాత్రి 7:52

నాకూ బ్రష్‌లు కోఠీలో దొరికాయి, జత 280. ఖాళీగా రెండుసార్లు నడిపాను. నీలి మెరుపులు తగ్గాయి. కానీ పిండేటప్పుడు విమానం లేచినట్టు హోరు. బ్రష్‌ల వల్లేనా?

రాణిగంజ్‌రెంచి · మంగళవారం, రాత్రి 8:10

ప్లగ్ పీకి డ్రమ్మును చేత్తో తిప్పండి, పైకి కిందికి ఊపి చూడండి. గరగరమన్నా, డ్రమ్ము ఆడినా బేరింగ్. సీలు పోయి నీళ్లు దిగి ఉంటాయి. బోరు నీళ్లా మీకు?

మియాపూర్‌మబ్బు · మంగళవారం, రాత్రి 8:13

బోరే. గరగరమంటోంది.

వేదిక నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 8:20

మబ్బు గారూ, బేరింగ్‌కు దయచేసి వేరే చర్చ తెరవండి, బేరింగ్ నంబరు, డ్రమ్ము వెనక ఫొటో పెట్టండి. నాని గారు టైమర్ విషయం తేలేదాకా ఇక్కడే కొనసాగవచ్చు.

నల్లకుంటనాని · బుధవారం, ఉదయం 6:55

టైమర్ విప్పాను. ఏడు తీగలు. ఫొటో తీయకముందే ఒకటి ఊడి చేతికొచ్చింది. ఫోర్‌మన్ గారూ, ఉన్నారా?